శోకం వేరు, శోకాలు వేరు

పేపర్లో అయితే "గ్రామం శోకసంద్రంలో మునిగిపోయింది" అని రాస్తారు. ఇంట్లో అయితే "ఏంటే ఆ శోకాలు, ఇప్పుడేం కొంప మునిగిందని?" అంటారు. మాట ఒకటే. మొదటిది చదివితే మనసు బరువెక్కుతుంది. రెండోది వింటే మాత్రం ఎవరో గొంతెత్తి రాగం తీస్తున్నారనీ, ఆ రాగం పక్కవాళ్ళకి చిరాకు తెప్పిస్తోందనీ ఒకేసారి తెలిసిపోతుంది. ఏకవచనంలో అంత మర్యాదగా ఉన్న మాట బహువచనంలోకి వచ్చేసరికి ఇలా ఎందుకు తయారైంది? నిఘంటువు తీస్తే "శోకము: దుఃఖము" అని ఉంటుంది. అక్కడితో మన పని తీరదు.

దీని ఆచూకీ క్రియలో దొరుకుతుంది. దుఃఖం అయితే పడతాం. బాధ పడతాం, దిగులు పడతాం. మనసులో జరిగేవాటికి తెలుగులో ఎక్కువగా వాడేది 'పడు'. నోటి నుంచి బయటికి వచ్చేవాటికి 'పెట్టు' కావాలి: కేక పెట్టాడు, మొర పెట్టుకున్నాడు, పెడబొబ్బలు పెట్టాడు. శోకం ఈ రెండో గుంపులో చేరిపోయింది. "శోకపడింది" అని ఎవరూ అనరు, "శోకాలు పెట్టింది" అంటారు. అంటే సంస్కృతంలో మనసుకు సంబంధించిన మాట తెలుగువాళ్ళ నోట పడ్డాక చెవికి సంబంధించిన మాట అయింది. కొందరు శోకండాలు అంటారు, కొందరు రాగాలు తీయడం అంటారు. ఏ పేరుతో పిలిచినా అది ఒంటరిగా, తలుపేసుకుని ఏడ్చే ఏడుపు కాదు. పదిమంది వినాలి.

చిన్నప్పుడు ఊళ్ళో చావు జరిగిన ఇంటికి చుట్టాలు రావడం గమనించేవాణ్ణి. బస్సు దిగిన ఆడవాళ్ళు నలుగురూ మామూలుగానే నడిచి వచ్చేవారు. "రాత్రి ఎన్నింటికి పోయాడంట?", "చిన్నోడికి కబురందిందా?" లాంటి మాటలు. వీధి మలుపు తిరిగి, గుమ్మం ముందు బల్లలూ మనుషులూ కనబడగానే అందరికంటే పెద్దావిడ గొంతు లేచేది. అప్పటికి ఏడ్చి ఏడ్చి అలసిపోయి శవం పక్కన గోడకి చేరగిలబడిన ఇల్లాలు ఆ గొంతు విని మళ్ళీ లేచేది. ఇద్దరూ మెడలు వాటేసుకుని ఊగిపోయేవారు. "వదినా, మీ తమ్ముడు పలకట్లేదు వదినా, నువ్వన్నా లేపు వదినా..." అని ఈవిడ. "ఎంత పని చేస్తివిరా తమ్ముడా, అక్క రాకముందే పోతివా..." అని ఆవిడ. పది నిమిషాలు పోయాక కొంగుతో ముక్కు తుడుచుకుని, పూర్తిగా మామూలు గొంతుతో, "పొద్దున్నించీ కాఫీ అన్నా తాగావా లేదా?" అని అడిగేది ఆ పెద్దావిడే.

అప్పుడు నాకదంతా నటన అనిపించింది. మలుపు దాకా లేని ఏడుపు మలుపులో ఎక్కడినుంచి వచ్చింది? ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఏడుపు వస్తుంది, శోకం పెడతారు. రెండింటికీ క్రియలే వేరు. ఒకటి దానంతట అది వచ్చేది, రెండోది ఒకరికోసం చేసేది. చావింట్లో "నమస్తే, బాగున్నారా" అనలేం కదా, ఆ పలకరింపు స్థానంలో ఉన్నది శోకం. భాష కూడా మారిపోతుంది, గమనించండి. మా వైపు మామూలుగా "వెళ్ళిపోయావా", "చేశావా" అనే మనిషి శోకంలోకి దిగగానే "పోతివా", "చేస్తివా" అంటుంది. వాడుకలో మా ఊరు ఎప్పుడో వదిలేసిన క్రియారూపాలు అక్కడ బతికే ఉన్నాయి. ఎవరూ నేర్పరు. పక్కన కూర్చుని వినీ వినీ వస్తాయి.

ఇంకోటి, శోకంలో సమాచారం ఉంటుంది. పోయినాయన ఎన్నేళ్ళకి ఇల్లు కట్టాడు, ఎవరి పెళ్ళికి ఎంత అప్పు చేశాడు, ఆఖరి వారంలో ఎవరి కోసం కలవరించాడు, ఎవరు ఫోను ఎత్తలేదు, అన్నీ రాగంలోనే వచ్చేస్తాయి. మామూలు రోజున అత్తగారి ముందు నోరెత్తని కోడలు ఆ రోజు ఎత్తుతుంది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు గుమ్మం బయట తలలు వంచుకుని వింటారు. శవం ముందు అన్న మాటకి ఎదురు జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఏడుపులో మాట ఉంటుందన్న ఎరుక సంస్కృతానికీ ఉంది. అక్కడ రోదనం వేరు, విలాపం వేరు. రోదనానికి మూలం 'రుద్', అంటే ఏడవడం, అంతే. విలాపానికి మూలం 'లప్', అంటే మాట్లాడటం. ఆలాపం, సల్లాపం, ప్రలాపం, విలాపం అన్నీ ఆ ఒక్క ధాతువు పిల్లలు. అమరకోశం ప్రలాపమంటే అర్థంలేని మాట అనీ, విలాపమంటే పరిదేవనం, అంటే దుఃఖం చెప్పుకుని ఏడవడం అనీ పక్కపక్కనే చెబుతుంది. పాటకచేరీలో రాగం ఆలాపన చేస్తారు, చావింట్లో విలపిస్తారు. ఉపసర్గ ఒక్కటే తేడా. "ఏమిటా రాగాలు" అని వెక్కిరించేవాళ్ళు తెలియకుండానే ఈ చుట్టరికాన్ని బయటపెడుతున్నారు. కాళిదాసు కుమారసంభవం నాలుగో సర్గలో రతీదేవి చేత మన్మథుడి కోసం ఏడిపించాడు, రఘువంశం ఎనిమిదో సర్గలో అజ మహారాజు చేత ఇందుమతి కోసం ఏడిపించాడు. రెండు విలాపాలనీ ఒకే వృత్తంలో రాశాడు. దాని పేరు వియోగిని. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదు" అని సామెతలు చెప్పుకునే మనం ఆ అజుణ్ణి ఒకసారి చదవాలి. భార్య శవాన్ని ఒళ్ళో పెట్టుకుని రాజు ఏడుస్తూనే ఉంటాడు.

'రుద్' దగ్గర ఒక పేరుకథ ఉంది. శతపథ బ్రాహ్మణం అనే వేదగ్రంథంలో ఒక పసివాడు పుట్టగానే ఏడుస్తాడు. ప్రజాపతి ఎందుకురా అంటే నాకు పేరు పెట్టలేదు అంటాడు. ఏడ్చాడు కాబట్టి రుద్రుడు అయ్యాడు. ఆ రుద్రుడి కన్నీటి బొట్లే రుద్రాక్షలన్నది తర్వాతి పురాణాల మాట. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ శివుడే ఇంకొకడికి కూడా ఏడుపుతోనే పేరు పెట్టాడు. కైలాసం కింద చేతులు నలిగి పెట్టిన అరుపుకు మూడు లోకాలూ అదిరాయి కాబట్టి రావణుడు అన్నది రామాయణం ఉత్తరకాండ. రవం, రావం అంటే అరుపు, చప్పుడు. వీటిని కథలుగా చదువుకోవాలి. రుద్ర శబ్దం నిజంగా ఏడుపు నుంచే పుట్టిందని భాషావేత్తలందరూ ఒప్పుకోరు.

అసలు శోకం సంగతికొస్తే, దాని ధాతువులో నీళ్ళు లేవు, నిప్పు ఉంది. 'శుచ్' అంటే మండటం, మెరవడం, ఆ తర్వాత లోపల కాలిపోవడం. శుచి ఇందులోంచే వచ్చింది. నిప్పులా మెరిసేది, అందుకే శుభ్రమైనది. ఇంట్లో ఎవరైనా పోతే పదిరోజులు పట్టే మైలని శాస్త్రులుగారు ఆశౌచం అంటారు కదా, అదీ శుచికి వ్యతిరేకంగా వచ్చిన మాటే. అలా శుచి, ఆశౌచం, శోకం మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చి ఒకే ఇంట్లో ఒకే వారంలో కలుసుకుంటాయి. ఏడ్చి ఏడ్చి పడిపోయినవాళ్ళకి వచ్చే శోష మాత్రం ఈ కుటుంబం కాదు. అది ఎండిపోవడం అనే 'శుష్' నుంచి వచ్చింది. శోకంలో కాలతారు, శోషలో ఎండుతారు.

శ్లోకం కూడా చుట్టమే అని చాలామంది నమ్మకం. క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొట్టాడు, రెండోది ఏడ్చింది, అది చూసిన వాల్మీకి నోట "మా నిషాద" అని వచ్చింది, శోకమే శ్లోకమైంది. "శోకః శ్లోకత్వమాగతః" అని రామాయణమే అంటోంది. మాటల చరిత్ర మాత్రం వేరే దారి చూపిస్తుంది. శ్లోకానికి వినడం అనే 'శ్రు' ధాతువుతో సంబంధం చెబుతారు. ఋగ్వేదంలో శ్లోకమంటే వినపడే ధ్వని, పిలుపు, కీర్తి. అనుమానం ఉంటే మన పుణ్యశ్లోకుణ్ణి తలుచుకోండి. ఆ మాటలో పద్యం లేదు, శోకం అంతకంటే లేదు, మంచి పేరు ఉంది. వాల్మీకి చేసింది శ్లేష. కానీ ఎంత గొప్ప శ్లేషంటే ఇన్ని వేల ఏళ్ళుగా దాన్నే వ్యుత్పత్తి అనుకుంటున్నాం. నాకైతే దాన్ని సరిదిద్దబుద్ధి కావడం లేదు. ఏడుపు మాటల్లోకి మారడం ప్రతి చావింట్లోనూ జరిగేదే కాబట్టి.

ఇప్పుడు మన సొంత మాట, ఏడుపు. తమిళంలో ఏడవడాన్ని 'అఴు' అంటారు, ఆ ఴ నాలుక వెనక్కి మడిచి పలికేది. కన్నడంలో 'అళు'. మన ఏడ్చు వీటి తోబుట్టువే. తమిళంలో ఆ మడిచిన అక్షరం ఉన్నచోట తెలుగులో చాలాసార్లు డకారం కనిపిస్తుంది. వాళ్ళ ఏఴు మన ఏడు, వాళ్ళ కోఴి మన కోడి. పాత తెలుగు శాసనాల్లో మనకూ ఆ అక్షరం ఉండేది, తర్వాత పోయింది.

శోకంలా కాకుండా ఏడుపు అన్ని పనులూ చేస్తుంది. ఎన్ని రకాలుగా ఏడుస్తామో చూడండి. గుక్క పట్టేది పసిబిడ్డ. వెక్కి వెక్కి ఏడ్చేది ఆపుకోవాలని చూసేవాళ్ళు. కుమిలిపోయేది బయటికి చెప్పుకోలేనివాళ్ళు. భోరుమనేది కట్ట తెగినవాళ్ళు. గొల్లుమనడం మాత్రం ఒక్క మనిషి చేయలేడు, దానికి ఇల్లు ఇల్లంతా కావాలి. మోరెత్తి ఏడ్చేది కుక్క, అది ఏడిస్తే వీధిలో ఎవరికో మూడిందని భయం. రోమన్లకి కూడా తోడేలు ఊళకీ ఆడవాళ్ళ శోకానికీ ఒకటే మాట, ఉలులారే. ఆ చప్పుడులాంటిదే బెంగాలీ పెళ్ళిళ్ళలో ఉలూధ్వనిగా మోగుతుంది. అక్కడది శుభం. నాలుక ఆడించి తీసే ఆ కూతకి దానంతట దానికి అర్థం లేదన్నమాట.

ఇన్ని పనుల్లో తెలుగు ఏడుపు చేసే అసలు పని ఈర్ష్య. "మన మీద వాళ్ళకి ఒకటే ఏడుపు" అంటే వాళ్ళ కళ్ళలో నీళ్ళున్నాయని కాదు. ఆటోల వెనకా లారీల వెనకా "నన్ను చూసి ఏడవకురా" అని రాయించుకునేది దిష్టిబొమ్మ కట్టుకున్నట్టే. కడుపుమంట అన్నా అదే అర్థం వస్తుంది. సంస్కృతంలో మంట శోకమైంది, తెలుగులో మంటా ఏడుపూ రెండూ కలిసి అసూయ అయ్యాయి. బహుశా ఎదుటివాడి బాగు చూసినప్పుడు మనకి ఏదో పోయినట్టే ఉంటుంది, చెప్పుకోలేం కాబట్టి చావు మాటలు అరువు తెచ్చుకుంటాం. ఇది నా ఊహ. "ఏడ్చినట్టుంది" అంటే బాగాలేదని, "ఏడ్చావులే" అంటే నీకేం తెలుసని, "నీ ఏడుపేదో నువ్వు ఏడువు" అంటే నీ పని చూసుకోమని. వీటిలో ఎక్కడా తడి లేదు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన మాట మొత్తుకోవడం. "ఎంత మొత్తుకున్నా వినలేదు" అని రోజుకోసారైనా అంటాం. మొత్తడం అంటే కొట్టడం. మొత్తుకోవడం అంటే తనని తను కొట్టుకోవడం. నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను అంటాం. లబోదిబోమన్నాడు అంటాం, అరచేత్తో నోరు కొట్టుకుంటే వచ్చే చప్పుడు అందులో ఉంది. ఇవన్నీ శవం ముందు చేసే పనులు. చేతులు గుండెల మీద, నెత్తి మీద, నోటి మీద పడేవి. ఇప్పుడు చిట్టీ డబ్బులు పోయినవాళ్ళు లబోదిబోమంటారు, వాన రాక రైతులు లబోదిబోమంటారు, హోంవర్క్ చేయమని తల్లులు నెత్తీ నోరూ కొట్టుకుంటారు. ఎవరి చెయ్యీ ఎక్కడా తగలదు. దెబ్బ పోయి మాట మిగిలింది.

పక్కవాళ్ళు ఈ ఏడుపుకి వేరే పేర్లు పెట్టుకున్నారు. తమిళంలో ఒప్పారి. అందులో ఉన్న 'ఒప్పు'కి పోలిక అని అర్థం. పోయినవాళ్ళని చంద్రుడితో, ఏనుగుతో, ఇంటి దూలంతో పోల్చి పాడటం ఆ ఏడుపు లక్షణం. మన ఒప్పు తప్పొప్పుల్లో, ఒప్పుకోవడంలో స్థిరపడింది కానీ, మాట మాత్రం అదే. హైదరాబాదులో మొహర్రం నెలలో వినిపించేవి మర్సియా, నౌహా. అరబ్బీలో నౌహా మూలానికి గొంతెత్తి ఏడవడం అని అర్థం, పావురం కూతనీ అదే మాటతో చెబుతారు. కర్బలాలో చంపబడ్డ హుసేన్ కోసం గోల్కొండ పాలకుడు మహమ్మద్ కులీ కుతుబ్ షాహే దక్కనీలో మర్సియాలు రాశాడు. పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీకా ఆలం అనే పవిత్ర ధ్వజం ఏనుగు మీద బయల్దేరినప్పుడు పాతబస్తీలో గుండెలు బాదుకునే చప్పుడు ఇప్పటికీ వినొచ్చు. అక్కడ మొత్తుకోవడం ఇంకా మొత్తుకోవడమే. మన పల్లెల్లో పీర్ల పండుగ పేరుతో ఆ దుఃఖంలో హిందువులూ పాలు పంచుకుంటారు.

ఇక ఏడవొద్దన్నవాళ్ళు. వీళ్ళు ఎప్పుడూ ఉన్నారు. యాజ్ఞవల్క్య స్మృతి మరీ మొహమాటం లేకుండా చెప్పింది: బంధువులు కార్చిన కన్నీళ్ళూ చీమిడీ పోయినవాడు తప్పక తినాల్సి వస్తుంది, కాబట్టి ఏడవకండి, కర్మకాండ చూడండి. అజుడికి వసిష్ఠుడు పంపిన కబురులో కూడా అదే బెదిరింపు, అయినవాళ్ళ ఎడతెగని కన్నీళ్ళు ప్రేతాన్ని కాలుస్తాయట. "కన్నీటి చుక్క ఆయన మీద పడనీకమ్మా" అని చావింట్లో పెద్దవాళ్ళు హెచ్చరించేది ఆ పాత మాటనే. గీతలో కృష్ణుడి బోధ "అశోచ్యానన్వశోచస్త్వం" అని మొదలై "మా శుచః" దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ కొసా ఈ కొసా కూడా శుచ్ ధాతువే. ఏడవకు, ఏడవకు. బయటి దేశాల్లోనూ ఇంతే. పాతకాలం ఏథెన్సులో సోలోన్ అనే శాసనకర్త చావుల దగ్గర ఆడవాళ్ళు ఒళ్ళు గీరుకోవడాన్నీ ముందే కట్టిన ఏడుపు పాటలు పాడటాన్నీ చట్టంతో అణిచాడు. ఐర్లండులో కీనింగ్ అనే శోకాన్ని చర్చి శతాబ్దాల పాటు తప్పుపట్టింది. అయినా అక్కడ 1773లో భర్తని కాల్చి చంపేస్తే ఐలీన్ అనే ఆవిడ కట్టిన శోకం నోటినుంచి నోటికి బతికి ఐరిష్ సాహిత్యంలో గొప్ప కావ్యంగా నిలిచింది. అందులో ప్రేమ ఎంతుందో చంపించిన అధికారి మీద శాపాలూ అంతే ఉన్నాయి.

శాపాలు అన్నాను కదా, నిషేధాల వెనక అసలు భయం అదే అయి ఉంటుంది. ఊరికే ఏడిస్తే ఎవరికి అభ్యంతరం? పేర్లు చెప్పి ఏడిస్తేనే ఇబ్బంది. మన దగ్గర చట్టం చేయలేదు, వెక్కిరింపుతో సరిపెట్టారు. శోకాలు అనే బహువచనంలో ఉన్న విసుగు అక్కడినుంచి వచ్చిందని నా అనుమానం. "అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలు నిట్టూర్చింది" అన్న సామెత కూడా కోడలు ఏడ్వలేదని దెప్పుతుంది. ఏడిస్తే శోకాలు పెట్టిందంటారు, ఏడవకపోతే రాయి అంటారు.

ఇప్పుడు చావింటి చప్పుడే మారింది. హాల్లో ఫ్రీజర్ బాక్సు మోటారు సన్నగా మోగుతుంటుంది. వాకిట్లో స్పీకరులో ఘంటసాల గొంతులో గీత. లోపల పదిమంది ఉన్నా అందరూ గుసగుసగానే మాట్లాడతారు. ఈమధ్య వెళ్ళిన ఒక ఇంట్లో అమెరికాలో ఉన్న కూతురికి టికెట్ దొరకలేదు. ఎవరో కుర్రాడు ఫోనులో వీడియో కాల్ కలిపి బాక్సు అద్దం ముందు పట్టుకున్నాడు. అవతల ఆ అమ్మాయి నోరు తెరిచి ఏడుస్తోంది. ఇవతల గొంతు రావడం లేదు. "మ్యూట్‌లో ఉన్నావమ్మా" అన్నాడు కుర్రాడు మెల్లిగా. ఆ అమ్మాయికి వినబడలేదు. గోడ దగ్గర కూర్చున్న ముసలావిడ ఒకావిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఫోను లాక్కుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. "ఓ నా తల్లీ, నాన్నని చూడవే తల్లీ, నీ కోసం కళ్ళు తెరిచే పోయాడే..." అని అందుకుంది. గది మొత్తం గొల్లుమంది. ఎవరో వెళ్ళి స్పీకరు ఆపేశారు.